చిన్నా, డెన్వర్ గెలిచింది

సెంటెనియల్, కొలరాడో
ఏప్రిల్ 15, 2024

చిన్నా,

కాలేజీ ఐస్ హాకీలో జాతీయ కప్పు డెన్వర్ యూనివర్సిటీ జట్టుకు వచ్చిన రోజు, శనివారం సాయంత్రం "డెన్వర్ గెలిచింది" అని నీకు మెసేజ్ పెట్టాను. బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నావు. ఫోన్ చేస్తే క్లాసులు, వాతావరణం, అన్నం తిన్నావా అనే మాటల దగ్గరే ఆగిపోతాం. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మనబడిలో నేర్చుకున్న తెలుగు ఇంకా ఉంది కదా. కూడబలుక్కుని అయినా చదువు. ఒక్క రోజులో పూర్తి చేయాలనేమీ లేదు.

నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఈ సీజన్ నేను దాదాపు మొత్తం చూశాను. నవంబరులో మా ఆఫీసులో ఒకావిడ, వాళ్లబ్బాయికి జ్వరం వచ్చిందని తన టికెట్ నాకిచ్చింది. వద్దు అనబోయి తీసుకున్నాను. ఆ రాత్రి మీ నాన్నకు ఇండియా టీమ్‌తో కాల్ ఉంది, నేనొక్కదాన్నే వెళ్లాను. డెన్వర్ వాళ్లు ఆడే మాగ్నెస్ అరీనా పక్కన బంగారు రేకు తొడిగిన గోపురాన్ని చిన్నప్పుడు నువ్వు గుడి అనేవాడివి. కారు పార్క్ చేసి దాన్ని చూస్తూ చాలాసేపు అలాగే కూర్చున్నాను. లోపలికి అడుగు పెట్టగానే ఆ చలి, తడిసిన రబ్బరు మ్యాట్ల వాసన. అచ్చం మన కారు డిక్కీలో నీ బ్యాగు వాసనే. తలుపు దగ్గరే ఏడుపొచ్చింది.

నీకు దెబ్బ తగిలాక మన ముగ్గురిలో ఎవరమూ ఐసు మీద ఆడే రింక్ గడప తొక్కలేదు. మూడేళ్లు అయింది.

తెనాలిలో నా చిన్నప్పుడు ఐసు అంటే సోడా కొట్టు ముందు రంపపు పొట్టులో కప్పి ఉంచిన దిమ్మ. గోనెసంచిలో వేసి సుత్తితో కొట్టేవాళ్లు. అలాంటి దాని మీద మనుషులు పరుగులాంటి వేగంతో జారతారని నిన్ను కన్నాకే చూశాను. నీకు ఆరేళ్లు వచ్చినప్పటి నుంచి పదేళ్లపాటు తెల్లవారుజామున అయిదింటికి నిన్ను దింపి, కాఫీ కప్పు పట్టుకుని అద్దం వెనక కూర్చున్నాను కానీ, ఆటను నిజంగా చూడలేదు. నిన్నే చూశాను. పడిపోతాడేమో, ఎవరైనా గోడకు కొడతారేమో, అంతే. ఈ ఏడాది నువ్వు అక్కడ లేవు కాబట్టి మొదటిసారి ఆటను చూశాను. ఈ మాట రాయడం కష్టంగా ఉంది.

కాలేజీ ఆటలో నాకు మొదట నచ్చింది ముఖమంతా కప్పే ఇనుప జాలీ. డబ్బుకు ఆడే పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ వాళ్లలాగా సగం అద్దం కాదు. కొట్లాటకు దిగితే ఆ ఆట నుంచి పంపించేస్తారు, తర్వాతి ఆట కూడా ఆడనివ్వరు. ఎవరి పిల్లలైనా సరే, చూస్తున్న తల్లికి అది కొంత ఊపిరి. ఆ ఊపిరి తీసుకున్నాకే మిగతావి కంటికి ఆనాయి. నలభై అయిదు సెకన్లకో ఎంతకో మనుషులు మారిపోతుంటారు, ఒకరు గోడ దూకి బయటికి వస్తుంటే ఇంకొకరు దూకి లోపలికి వెళ్తారు, ఎవరూ ఎవరినీ పిలవరు. అంత వేగంలో ఎవరు ఎక్కడ ఉండాలో వాళ్లకు ఎలా తెలుస్తుందా అనుకునేదాన్ని. నీకూ తెలిసేది కదా. నువ్వు భోజనం బల్ల మీద ఉప్పు డబ్బా, కారం డబ్బా జరుపుతూ చెప్తుంటే నేను "అన్నం చల్లారిపోతోంది" అనేదాన్ని.

ఈ జట్టు గోల్స్ కుప్పపోసింది. జాక్ డివైన్ ఒక్కడే 27 కొట్టాడు. కానీ నా కళ్లు ఎక్కువగా వెతుక్కున్నది బూయం అన్నదమ్ములను. షై పెద్దవాడు, జీవ్ చిన్నవాడు. ఇద్దరూ డిఫెన్స్, నీలాగే. వాళ్ల అమ్మానాన్నలు ఇజ్రాయెల్ నుంచి కాలిఫోర్నియా వచ్చినవాళ్లు. ఎండకూ ఇసుకకూ అలవాటుపడ్డ ఊళ్లో పిల్లలకు ఐసు మీద ఆట నేర్పించారు. జీవ్‌కు ఇది కాలేజీలో మొదటి ఏడాదే, డిఫెన్స్‌లో ఆడుతూ, కొట్టిన గోల్స్, గోల్‌కు అందించిన పాసులు కలిపి 50 పాయింట్లు తెచ్చాడు. వాళ్లమ్మ కూడా తెల్లవారుజామున కాఫీ కప్పుతో కూర్చునే ఉంటుందని చాలాసార్లు అనిపించింది.

చలికాలంలో కోచ్ డేవిడ్ కార్ల్ కొన్నాళ్లు ఇక్కడ లేడు. ఇరవై ఏళ్ల లోపు పిల్లల ప్రపంచ పోటీలకు అమెరికా జట్టును తీసుకుని స్వీడన్ వెళ్లాడు, జీవ్ కూడా ఆ జట్టులో ఉన్నాడు. జనవరి 5న గోథెన్‌బర్గ్‌లో స్వీడన్ మీదే గెలిచి బంగారు పతకంతో వచ్చారు. తిరిగొచ్చాక అన్నీ గెలుపులే అనుకోకు. డెన్వర్ ఆడే జట్ల గుంపును కాన్ఫరెన్స్ అంటారు కదా, అందులో సీజన్ మొత్తానికి మొదటి స్థానంలో నిలిచినవాళ్లకిచ్చే పెన్‌రోజ్ కప్ నార్త్ డకోటా పట్టుకుపోయింది. మార్చి చివర్లో కాన్ఫరెన్స్ టోర్నమెంట్ ఫైనల్లో ఒమాహాను 4-1తో ఓడించాకే నాకు కాస్త నమ్మకం కుదిరింది.

ఆ తర్వాత జాతీయ కప్పు కోసం పదహారు జట్ల పోటీ. ఒక్క ఆట ఓడితే ఇంటికే. నువ్వుంటే ఎన్ని కబుర్లు చెప్పేవాడివో. ఏడాదంతా గోల్స్ వర్షం కురిపించిన జట్టు ఈ పోటీలో ఒక్కో ఆటలో రెండంటే రెండే గోల్స్ చేసింది. నాలుగు ఆటలూ అంతే. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మసాచుసెట్స్ మీద 2-1, అది కూడా రెండో ఓవర్‌టైమ్ దాకా వెళ్లింది. కార్నెల్ మీద 2-1. సెమీఫైనల్లో బోస్టన్ యూనివర్సిటీ మీద మళ్లీ ఓవర్‌టైమ్, మళ్లీ 2-1. ఆ రెండు ఓవర్‌టైమ్ గోల్స్ కొట్టింది ఒకడే, ట్రిస్టన్ బ్రోజ్. మిన్నెసోటా అబ్బాయి. మొదటి ఏడాది వాళ్ల రాష్ట్రపు యూనివర్సిటీలోనే ఆడి, తర్వాత ఇక్కడికి మారాడు. సెమీఫైనల్ జరిగింది సెయింట్ పాల్‌లో, అంటే వాళ్ల సొంత ఊరి పక్కనే.

ఆ వారమే ఉగాది వచ్చింది. మంగళవారం పచ్చడి చేసి నీకు ఫొటో పంపాను, గుర్తుందా. గురువారం సగం రోజు సెలవు పెట్టి సెమీఫైనల్ చూశాను. ఓవర్‌టైమ్‌లో మీ నాన్న మీటింగ్ వదిలేసి వచ్చి నా వెనక నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు. పక్, అదే ఆ నల్లటి రబ్బరు బిళ్ల, మన వైపు వచ్చినప్పుడల్లా కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నారు. గోల్ పడగానే ఏమీ అనకుండా గ్యారేజీలోకి వెళ్లిపోయారు. ఎంతసేపటికీ రాకపోతే వెళ్లి చూశాను. నీ బ్యాగు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆయన నీతో ఈ మాట చెప్పరు, అందుకే నేను చెప్తున్నాను.

ఫైనల్ బోస్టన్ కాలేజీతో. ఈ దేశపు కుర్రాళ్లలో మేటివాళ్లంతా ఆ జట్టులోనే ఉన్నారనిపించింది. విల్ స్మిత్, రయాన్ లెనార్డ్, గేబ్ పెరో ముగ్గురూ ఎన్‌హెచ్‌ఎల్ జట్లు కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2023లో మొదటి రౌండ్‌లోనే ఎంపికైనవాళ్లు. కట్టర్ గొతియే ఈ సీజన్‌లో దేశంలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు. డెన్వర్ రెండో పీరియడ్‌లో రెండు గోల్స్ చేసింది. ఒకటి జేరెడ్ రైట్, ఇంకొకటి రీగర్ లోరెంజ్. మూడో పీరియడ్ ఎలా ఉందో చెప్పాలంటే నాకు ఇప్పటికీ టెన్షన్ వస్తోంది. ఇరవై నిమిషాలూ పక్ మన గోల్ ముందే తిరిగింది. గోల్ కాపలా కాసే గోలీ మ్యాట్ డేవిస్ ఆ ఒక్క పీరియడ్‌లోనే 23 షాట్లు ఆపాడు. మొత్తం 35. ఒక్కటి కూడా లోపలికి పోలేదు. 2-0.

ఈ డేవిస్ గురించి నువ్వు తప్పకుండా చదువు. కాల్గరీ అబ్బాయి. 2022లో డెన్వర్ గెలిచినప్పుడు కూడా జట్టులోనే ఉన్నాడు, కానీ గోల్‌లో నిలబడింది మాగ్నస్ క్రోనా. ఇతను బెంచి మీద. రెండేళ్లు ప్రతిరోజూ ప్రాక్టీసుకు వెళ్లి, ప్యాడ్లు కట్టుకుని, చాలాసార్లు ఆడకుండానే ఇంటికొచ్చాడు. శనివారం ఫ్రోజెన్ ఫోర్‌లో, అంటే చివరి నాలుగు జట్ల పోటీలో, ఉత్తమ ఆటగాడు అతనే.

దీంతో డెన్వర్‌కు పది టైటిళ్లు. 1958లో మొదటిది. మిషిగన్‌కు తొమ్మిది, ఇప్పుడు వాళ్లను దాటేశాం. "దాటేశాం" అని రాశాను చూడు. కొట్టేయను, ఉండనీ.

అయితే ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం కప్పు కాదు. డిసెంబరులో ఒక రాత్రి డేవిడ్ కార్ల్ గురించి చదివాను. నీకు తెలిసే ఉంటుంది. మాకు తెలియదు, మేమెప్పుడూ అడగలేదు.

కార్ల్ ఊరు అలాస్కాలోని యాంకరేజ్. వాళ్లన్నయ్య మ్యాట్ డెన్వర్‌లో ఆడి 2006లో కాలేజీ హాకీలో ఉత్తమ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డు తెచ్చుకున్నాడు. తమ్ముడు కూడా ఇక్కడికే రావాలి. 2008లో, ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌కు కాస్త ముందు చేసిన పరీక్షల్లో గుండె కండరం మందంగా ఉందని తేలింది. ఆడితే ప్రాణం మీదికి వస్తుంది. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఒక్క పూటలో ఆట అయిపోయింది. ఎన్‌హెచ్‌ఎల్ జట్టు టంపా బే వాళ్లు, అతను ఎప్పటికీ ఆడలేడని తెలిసీ, ఏడో రౌండ్‌లో అతని పేరు పిలిచారు. అప్పటి డెన్వర్ కోచ్ జార్జ్ గ్వాజ్‌డెకీ నీ స్కాలర్‌షిప్ ఎక్కడికీ పోదు, వచ్చి మాతో కోచింగ్ పని చెయ్యి అన్నాడు. ఆ పిల్లాడు కాలేజీలో చదువుతూనే, తనతో పాటు ఆడాల్సినవాళ్లకు ఆట చెప్పాడు. 28 ఏళ్లకు అదే జట్టుకు హెడ్ కోచ్ అయ్యాడు. 2022లో కప్పు, ఇప్పుడు మళ్లీ కప్పు.

అది చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. నాకు గుర్తొచ్చింది కార్ల్ కాదు, మనం. మూడోసారి తలకు దెబ్బ తగిలి, ఇక ఆడొద్దని డాక్టరు చెప్పిన రోజు కారులో నువ్వు వెనక సీట్లో కూర్చున్నావు. పదహారేళ్లు వచ్చాక నువ్వెప్పుడూ వెనక కూర్చోలేదు. నేను ముందు నుంచి "పోనీలే నాన్నా, ఒక రకంగా మంచిదే, ఇక చదువు మీద శ్రద్ధ పెట్టొచ్చు" అన్నాను. వారం తిరక్కముందే నీ టీమ్ వాళ్లు నీ నంబరు ఇంకో పిల్లాడికి ఇచ్చారు. ఆ రోజు కూడా నేను "వాళ్లూ ఏం చేస్తారు" అన్నాను. మీ నాన్న నీ బ్యాగు గ్యారేజీలో పై అరలోకి ఎక్కించేశారు. నువ్వు ఏడవలేదు. ఏడవలేదని మేం సంతోషించాం.

ఒకడికి ఆట పోయినప్పుడు డెన్వర్ వాళ్లు అతని చోటు అలాగే ఉంచారు. మేం నీ చోటు తీసేశాం. ప్రేమతోనే చేశాం, భయంతో చేశాం. కానీ తప్పు చేశాం చిన్నా. ఆ రోజు నేను అన్న మాట తప్పు. నీకు పోయింది చిన్నదని నేను అనుకున్నాను. ఈ సీజన్ అంతా అక్కడ కూర్చుని చూశాక, అది ఎంత పెద్దదో తెలిసింది.

నువ్వు కార్ల్ అంతటివాడివి కావాలని ఇది రాయడం లేదు. నీ కంప్యూటర్ చదువు నీది, నీకిష్టమైందే చదువుకో. నేను అడిగేది చాలా చిన్నది. మన పాత రింక్‌లో ఆదివారాలు ఉదయం అయిదారేళ్ల పిల్లలకు మొదటి క్లాసులు పెడుతున్నారు. లేసులు కట్టడానికి, పడ్డవాళ్లను లేపడానికి స్కేటింగ్ వచ్చినవాళ్లు కావాలని గోడ మీద కాగితం అంటించారు. డాక్టరు ఆ రోజు ఇంకో మాట కూడా చెప్పారు. ఒకరినొకరు గుద్దుకునే ఆట వద్దు కానీ, తలనొప్పులు తగ్గాక మామూలుగా స్కేటింగ్ చేసుకోవచ్చు అని. మన ముగ్గురం మొదటి సగమే విన్నాం. మొన్న నేను మళ్లీ ఫోన్ చేసి అడిగాను. ఇప్పుడు నిరభ్యంతరంగా చేయొచ్చన్నారు.

మే నెలలో సెలవులకు వస్తావు కదా. నీ బ్యాగు పై అర నుంచి కిందికి దించాం. గ్లవ్స్ రెండు రోజులు పెరట్లో ఎండలో పెట్టాను, వాసన పోలేదు. స్కేట్లు మీ నాన్న నిన్న షాపుకు తీసుకెళ్లి పదును పెట్టించారు. నీ పాదం పెరిగిందో లేదో తెలియదని, కొలత పంపమంటున్నారు. నీకు మనసు లేకపోతే పంపొద్దు, మేమేమీ అనుకోం. పంపితే సాక్సు వేసుకుని కొలువు, మిల్లీమీటర్లలో.

అమ్మ