మెమరీ చిప్‌కు ఎర్తింగ్

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

మణికట్టుకు ఎర్తింగ్ పట్టీ కట్టుకొని పనిచేస్తున్నప్పుడు చిప్‌కు ఇంకా ఛార్జి ఎక్కడి నుంచి వస్తుందని మీరు అడిగారు. అది ఫోనులో రెండు మాటల్లో తేలేది కాదు గనుక ఉత్తరం రాస్తున్నాను.

ఆ పట్టీ మన ఒంటి మీది ఛార్జిని మాత్రమే దించుతుంది. చేతికి చురుక్కుమనాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి గానీ, సున్నితమైన చిప్ 100 వోల్టుల లోపే పాడైపోవచ్చు. కాబట్టి పట్టీ అవసరమే. అయితే ఫ్యాబ్ (చిప్‌ల కర్మాగారం) లోపల వేఫర్‌ను, అంటే చిప్‌లు తయారయ్యే పల్చని సిలికాన్ బిళ్ళను, మనుషులు దాదాపు ముట్టుకోరు. అక్కడ ఛార్జిని పుట్టించేది తయారీ పద్ధతే. లోహపు పొరను సన్నని తీగలుగా చెక్కడానికి వాడే ప్లాస్మా (అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వాయువు) వేఫర్ అంతటా ఒకేలా ఉండదు. ఒకచోట అయాన్లు, మరొకచోట ఎలక్ట్రాన్లు ఎక్కువగా వచ్చి పడతాయి. ఆ తీగ అప్పటికి గేటుకు (ట్రాన్సిస్టర్‌ను ఆన్, ఆఫ్ చేసే కొసకు) మాత్రమే కలిసి ఉంటే, దాని మీద చేరిన ఛార్జికి గేటు కింద ఉండే సిలికాన్ డయాక్సైడ్ పొర గుండా పోవడం తప్ప వేరే దారి ఉండదు. సిలికాన్ డయాక్సైడ్ సెంటీమీటరుకు సుమారు కోటి వోల్టులను తట్టుకుంటుందంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది గానీ, 5 నానోమీటర్ల పొరకు లెక్కకడితే అది 5 వోల్టులే.

మెమరీలో పొర తెగకపోయినా నష్టమే. ఫ్లాష్ మెమరీలో సమాచారాన్ని దాచే ఒక్కొక్క గడిని సెల్ అంటారు; ఛార్జిని నైట్రైడ్ పొరలో పట్టి ఉంచే రకం సెల్‌లో, తయారీలో చొరబడిన ఎలక్ట్రాన్లు కూడా అక్కడే చిక్కుకుంటాయి. అందువల్ల ఎవరూ ఏమీ రాయని కొత్త చిప్‌ను పరీక్షకు పెడితే, కొన్ని సెల్స్ థ్రెషోల్డ్ వోల్టేజీ (సెల్ ఆన్ కావడానికి గేటుకు ఇవ్వాల్సిన వోల్టేజీ) అప్పటికే పెరిగి, రాసినవాటిలా కనిపిస్తాయి. ప్లాస్మా వెదజల్లే అతినీలలోహిత కిరణాలు కూడా ఇదే పని చేయగలవు.

దీనికి మందు, మీ ట్రాన్స్‌ఫార్మర్ మీది లైట్నింగ్ అరెస్టర్ వంటిదే: వర్డ్ లైన్‌ను (ఒక వరుస సెల్స్ గేట్లను కలిపే తీగను) ఒక డయోడ్ ద్వారా సబ్‌స్ట్రేట్‌కు, అంటే అడుగున ఉన్న సిలికాన్‌కు, కలుపుతారు. దాన్ని మొదటి లోహపు పొరలోనే కలపాలి; పై పొరల దాకా ఆగితే అప్పటివరకు సెల్స్‌కు రక్షణ ఉండదు. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది: ప్లాస్మా వెలుగు డయోడ్ మీద పడినప్పుడు దాని రివర్స్ లీకేజీ (ఎదురు దిశలో కారే కరెంటు) పెరిగి, ఛార్జి మరింత సులువుగా దిగిపోతుంది. తెలియక దానిపై లోహాన్ని కప్పితే ఆ సాయం పోతుంది.

అసలు చిక్కు తయారీ పూర్తయ్యాక మొదలవుతుంది. నాండ్ అనే రకం ఫ్లాష్‌లో రాయడానికి వర్డ్ లైన్ మీద సుమారు 20 వోల్టులు పెట్టాలి; అప్పుడు ఈ డయోడ్ దాన్ని కిందికి పోనివ్వకూడదు. కొన్ని రకాల మెమరీలలో చెరపడానికి మైనస్ వోల్టేజీ కావాలి. మామూలు డయోడ్ మైనస్ వైపు వెంటనే తెరుచుకొని, ఆ వోల్టేజీని నిలవనివ్వదు. అందుకే రెండు డయోడ్లను ఎదురెదురుగా పెట్టడం, లేదా మధ్యలో ఫ్యూజు ఉంచి పని ముగిశాక తెంచడం వంటి ఏర్పాట్లు ఉన్నాయి. ఫ్యూజు తెంచితే ఆ తరువాతి దశలకు రక్షణ ఉండదు గనుక, నాకు మొదటి పద్ధతే మేలనిపిస్తుంది.

కడిగే నీటితోనూ ఇదే బాధ. లవణాలన్నీ తీసేసిన ఆ నీరు దాదాపు కరెంటును ప్రవహించనివ్వదు, కాబట్టి గిర్రున తిరిగే వేఫర్ మీద రాపిడికి ఛార్జి పుడుతుంది. నీటిలో కొద్దిగా కార్బన్ డయాక్సైడ్ కలిపితే అది కరెంటును పోనిస్తుంది, ఆ ఛార్జి నీటితోపాటే పోతుంది.

అరెస్టర్ లైను వోల్టేజీ దగ్గర ఎంత లీక్ అయితే మీరు దాన్ని మార్చేవారో తీరికగా రాయండి. డయోడ్ల విషయంలో మేమూ అదే హద్దు గురించి వాదించుకుంటున్నాం.

ఇట్లు,
మీ అమ్మాయి