సర్వర్ మార్చే ముందు ఓసారి ఇది చదవరా

విశాఖపట్నం,
ఆదివారం.

ఒరేయ్ శీనూ,

మీ ఆఫీసులో పాత సర్వర్ పారేసి కొత్తది కొందామంటున్నారన్నావు కదా. ఆగరా బాబూ. ఈమధ్య మా పాత సర్వర్‌కే మెమరీ (ర్యామ్) పెంచి సరిపెట్టుకున్నాం, ఆ సంగతి విను, ఆ తర్వాత నీ ఇష్టం.

మాది డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్720. 2012లో మార్కెట్లోకి వచ్చిన మోడల్. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరంతా రోజుల తరబడి కరెంటు లేకుండా పోయిందే, అప్పటికే మా ఆఫీసులో ఉందది. ప్రాసెసర్లు రెండూ దర్జాగా ఖాళీగా కూర్చుంటున్నాయి. మెమరీ మాత్రం మధ్యాహ్నానికే నిండిపోయి, డిస్కు మీద స్వాప్ (మెమరీలో పట్టనిది డిస్కులో పెట్టి తీయడం, బాగా నెమ్మది) మొదలయ్యేది. ఇక అకౌంట్స్ మేడమ్‌ కేక: "బాబూ, మళ్లీ గుండ్రంగా తిరుగుతోంది!" నువ్వూ ముందు అదే చూడు. మీదీ లినక్సే కాబట్టి ‘ఫ్రీ’ అనే కమాండ్ కొడితే తెలిసిపోతుంది. స్వాప్ వాడకం పెరుగుతూ పోతుంటే ప్రాసెసర్ని తిట్టి లాభం లేదు.

ద్వారకానగర్‌లో ఓ షాపుకెళ్లి మా సర్వర్‌కి సరిపోయే డీడీఆర్3 తరం ర్యామ్ అడిగితే, కుర్రాడు డెస్క్‌టాప్‌ది తీసి చేతిలో పెట్టాడు. తప్పు వాడిది కాదులే, చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. అదే పొడుగు, అవే 240 పిన్నులు, గాటు కూడా అక్కడే. తేడా అంతా స్టిక్కర్‌లోనే ఉంది. మా పాత స్టిక్ (ర్యామ్ పలక) మీద "పీసీ3ఎల్-12800ఆర్" అనుంది. పీసీ3 అంటే డీడీఆర్3, పక్కన ఎల్ ఉంటే 1.35 వోల్టులకీ నడుస్తుంది, 12800 అంటే 1600 స్పీడు. చివరి అక్షరం మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని చూడాలి. ఆర్ అంటే రిజిస్టర్డ్ (సిగ్నళ్లని సర్ది పంపే రిజిస్టర్ చిప్ ఉన్న ఈసీసీ, అంటే తప్పులు సరిదిద్దే మెమరీ), ఈ అంటే రిజిస్టర్ లేని ఈసీసీ, యూ అంటే మామూలు డెస్క్‌టాప్‌ది, ఎల్ అంటే లోడ్ రెడ్యూస్డ్ (ఛానల్ మీద భారం తగ్గించే రకం). వీటిని ఒకదాంట్లో ఒకటి కలిపితే సర్వర్ బూట్ అవ్వనే అవ్వదు.

ఈసీసీ ఎందుకంటావేమో. 64 బిట్ల డేటాకి తోడు ఇంకో 8 బిట్లు కాపలా ఉంటాయి. ఒక బిట్ తప్పితే అక్కడికక్కడే సరిదిద్దేస్తుంది, రెండు తప్పితే కనీసం చెప్తుంది. లెక్కల సర్వర్‌లో అంకె మారిపోయినా ఎవరికీ తెలియకపోవడం కంటే ఇది నయం కదా!

స్లాట్ల సంగతి ఇంకా ముఖ్యం. మొత్తం 24 ఉన్నాయి, ఒక్కో ప్రాసెసర్‌కి 12. ప్రాసెసర్‌కి నాలుగు ఛానళ్లు (మెమరీకి వెళ్లే దారులు), ఛానల్‌కి మూడు స్లాట్లు. ఖాళీ ఉంది కదా అని ఎక్కడ పడితే అక్కడ గుచ్చకూడదు. ముందు తెల్ల క్లిప్పులున్న స్లాట్లు నింపాలి, అప్పుడే ఛానళ్లన్నీ పనిచేస్తాయి. మేం 16 జీబీవి ఎనిమిది కొని, అటు నాలుగు ఇటు నాలుగు తెల్లవాటిలోనే పెట్టాం, మొత్తం 128. పాత 8 జీబీవి తీసేయమన్నాను. "ఉన్నవి ఎందుకు తీసెయ్యడం?" అని మా సారు కాసేపు గునిశాడు. అవీ ఉంచి ఛానల్‌కి మూడేసి నింపితే స్పీడు కిందికి దిగుతుంది. మాకు 128 చాలు, మరి దిగడం ఎందుకు? మీ దాంట్లో ఒకే ప్రాసెసర్ ఉంటే రెండోవైపు స్లాట్లు పనిచెయ్యవు, అదీ చూసుకో.

పని చేసేటప్పుడు పవర్ కేబుళ్లు రెండూ పీకెయ్. ఒక్కటి పీకి ఊరుకోకు, రెండు పవర్ సప్లైలుంటాయి. లోపల ప్లాస్టిక్ డొప్ప ఎత్తితే స్లాట్లు కనపడతాయి. మా పాత స్టిక్కుల అంచున బంగారు రంగు పోయి నల్లటి మచ్చలు. మన సముద్రపు గాలి సంగతి తెలిసిందేగా, బీచ్‌వైపు కిటికీలు తీసి పెడతారు మావాళ్లు. స్లాట్లలో బ్లోయర్‌తో దుమ్ము ఊది, కొత్తవి గాటు చూసుకుని, రెండు చివర్లా క్లిప్పులు టక్‌మని పడేదాకా నొక్కాం.

ఆన్ చేశాక కాసేపు తెర నల్లగానే ఉంటుంది, మెమరీ మారిందని మెసేజ్ కూడా వస్తుంది. కంగారుపడి ఆపెయ్యకు. రాత్రంతా మెమ్‌టెస్ట్ (మెమరీని పరీక్షించే ప్రోగ్రామ్) నడిపించి, పొద్దున్న ఎర్రర్లు లేవని చూశాకే మనుషుల్ని లోపలికి వదిలాను.

పెద్ద కంపెనీలు డీడీఆర్4కి, ఆ పైకీ వెళ్లిపోయాక, ఈ పాత రిజిస్టర్డ్ ర్యామ్ సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతోంది. మీదీ డీడీఆర్3 అయితే డీడీఆర్4 మాత్రం పొరపాటున కూడా కొనకు, దానికి 288 పిన్నులు, స్లాట్‌లో కూర్చోదు. మీ ప్రాసెసర్లే రోజంతా వందకి వంద కొడుతుంటే మాత్రం నా మాట వినకు, కొత్తదే కొనిపించు.

ముందు మూత తీసి, ఉన్న స్టిక్ స్టిక్కర్ కనపడేలా ఫొటో తీసి పంపు. డబ్బు కట్టేది నేను చూశాకే.

నీ,
రమణ