జిల్లా క్రీడాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన క్రీడాధికారి గారికి నమస్కారాలు.

ఆటలో గాయపడిన మా జిల్లా బాలికల ఫుట్‌బాల్ క్రీడాకారిణి గురించి ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాను. మణిపూర్ డిఫెండర్ ఆశాలతా దేవి 2024లో, ఫుట్‌బాల్‌లో భారత్ తరఫున 100 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన తొలి మహిళ అయ్యారు. మా డిఫెండర్ కెరీర్ రాష్ట్రస్థాయి టోర్నీలోనే ఆగిపోయింది. ప్రత్యర్థిని అడ్డుకోబోయి ఒక్కసారిగా తిరగడంతో మోకాలిలో ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగింది. ఫుట్‌బాల్‌లో ఈ గాయం అబ్బాయిల కంటే అమ్మాయిలకే ఎక్కువ. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ కావాలి. కూలి పనులు చేసే తల్లిదండ్రులు ఆపరేషన్‌కే అప్పు చేశారు. ఆ పిల్ల ఇప్పుడు మెట్లెక్కాలన్నా గోడ పట్టుకుంటోంది.

జిల్లా జెర్సీతోనే ఆడింది కదా, ఈ బాధ్యత ఎవరిది సార్?

ఆమె వైద్య ఖర్చు చెల్లించండి. స్టేడియంలో ఫిజియోథెరపిస్టును నియమించండి. టోర్నీకి పంపే ప్రతి క్రీడాకారిణికీ ముందే బీమా చేయించండి. నెలలోగా రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
బాలికల ఫుట్‌బాల్ కోచ్