హిమపాతం అని రాస్తే ఏ మంచు అనుకోవాలండీ?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను కాకినాడలో ఉంటాను, బ్యాంకు ఉద్యోగం. మీ పేపరు మా ఇంట్లో మా నాన్నగారు ఉన్నప్పట్నుంచీ వేయించుకుంటున్నాం, ఇంతవరకూ ఒక్కసారి కూడా ఉత్తరం రాయలేదు. ఇప్పుడు ఒక్క మాట గురించి రాయాల్సొచ్చింది. హిమపాతం. ఈ మాటని మన తెలుగు పేపర్లూ టీవీలూ రెండు వేరు వేరు సంగతులకి వాడేస్తున్నాయి, ఆకాశంలోంచి మంచు కురిసినా హిమపాతమే, కొండ మీద పేరుకున్న మంచు ఒక్కసారిగా ఊడి కిందకి దూకి మనుషుల్ని కప్పేసినా హిమపాతమే. మొదటిది చూడ్డానికి జనం డబ్బులు పెట్టుకుని వెళ్తారు, రెండోది వస్తుందంటే ఆ చుట్టుపక్కల ఉండకూడదు. ఈ తేడా తెలీక నేనూ మా ఫ్రెండూ ఏం చెయ్యబోయామో చెప్తాను, కొంచెం పెద్దదైనా ఓపిగ్గా చదవండి.

పోయిన ఫిబ్రవరిలో మేమిద్దరం గుల్మార్గ్ వెళ్లాం. తనది హన్మకొండ, డిగ్రీ మూడేళ్లూ హాస్టల్లో ఒకే రూము, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఎప్పటికైనా ఇద్దరం కలిసి స్కీయింగ్ నేర్చుకోవాలని హాస్టల్లో అనుకున్నదే, పెళ్లిళ్లూ పిల్లలూ అయ్యాక ఇన్నాళ్లకి కుదిరింది. శ్రీనగర్ నుంచి 50 కిలోమీటర్లే గానీ టంగ్‌మార్గ్ దగ్గర ఆపి టైర్లకి గొలుసులు కట్టిన బండిలోకి మారాల్సొచ్చింది, అక్కణ్ణుంచి ఆ 13 కిలోమీటర్లు దేవదారు చెట్ల మధ్యలో మెలికలు తిరుగుతూ ఎక్కడమే. గుల్మార్గ్ ఊరే సుమారు 2,650 మీటర్ల ఎత్తు, అక్కణ్ణుంచి గొండోలా అనే కేబుల్ కారు మొదటి ఫేజ్‌లో కొంగ్‌డూరి, రెండో ఫేజ్‌లో అఫర్వత్ కొండ మీదకి, అది దాదాపు 3,950 మీటర్లు.

మర్నాడు పొద్దున్న లేచేసరికి కిటికీ అద్దం సగం దాకా మంచుతో మూసుకుపోయుంది, రాత్రంతా కురిసిందన్నమాట. మా ఫ్రెండ్ దుప్పట్లోంచే ఫోన్ తీసి చూస్తే ఒక తెలుగు న్యూస్ యాప్‌లో వార్త, కశ్మీర్‌కు హిమపాతం హెచ్చరిక, బారాముల్లా జిల్లాలో ఎత్తైన ప్రాంతాలకు వెళ్లొద్దని అధికారుల సూచన, అని. గుల్మార్గ్ ఆ జిల్లాలోదే. ఏ యాపో ఇక్కడ అనవసరం, అందరూ అలాగే రాస్తున్నారు. "ఏమే, ఇంకా మస్తు కురుస్తదంట, మనం వచ్చిందే గందుకు గదా" అంది. నేనూ అలాగే అనుకున్నాను. వెళ్లొద్దన్నారంటే రోడ్డు మూసేస్తారేమో, చలి ఎక్కువుంటుందేమో, అంతవరకే తట్టింది. ఆ రోజు మా ప్లాను పొద్దున్నంతా ఊళ్లో ఉన్న చిన్న వాలు మీద స్కీయింగ్ నేర్చుకుని, మధ్యాహ్నం కొంగ్‌డూరి వెళ్లి, జనం లేని వైపు కొండ వారగా నడిచి, ఎవరూ తొక్కని మంచులో ఫొటోలు దిగుదామని. హోటల్ దగ్గర ఒకతను తీసుకెళ్తానన్నాడు కూడా, ఐదొందలు అడ్వాన్స్ ఇచ్చేశాం.

స్కీయింగ్ సంగతి చెప్తాను, ఎందుకంటే ఆ పొద్దున్న రెండు మూడు గంటలు నా జీవితంలో చాలా మంచి గంటలు. బూటు వేసుకోవడమే పెద్ద పని, గట్టి ప్లాస్టిక్ డొప్ప, లోపల మెత్తటి తొడుగు, పైన బకిల్స్, అన్నీ బిగించాక చీలమండ అటూ ఇటూ కదలదు. "కాళ్లకు సిమెంటు పోసినట్టుందే" అంది తను. బూటు ముందు అంచు స్కీ మీద బిగించిన బైండింగులో పెట్టి మడమతో గట్టిగా తొక్కితే టక్కుమని పట్టేస్తుంది, గట్టిగా పడినప్పుడు కాలు మెలి తిరక్కుండా అదే ఊడొస్తుంది. మాకు నేర్పింది టంగ్‌మార్గ్ కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో, 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కి మన దేశం మొత్తం మీద వెళ్లిన ఒకే ఒక్క ఆటగాడు ఆరిఫ్ ఖాన్ మా ప్రాంతం వాడేనని మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పాడు, చెప్తుంటే మొహం వెలిగిపోయింది.

ముందు నిలబడ్డం, తర్వాత పడ్డం, పడ్డాక లేవడం. స్కీలు రెండూ వాలుకి అడ్డంగా పెట్టుకుంటేనే లేవగలం, కిందకి చూసేలా పెట్టుకుని లేవబోతే మనం లేచేలోపు అవి బయల్దేరిపోతాయి. ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా, తిరగేసిన వీ లాగా పెడితే బ్రేకు. అన్నిటికంటే కష్టం ఏంటంటే భయమేస్తే ఒళ్లు దానంతటదే వెనక్కి వాలిపోతుంది, వెనక్కి వాలితే స్కీ మన మాట వినదు, లోయ వైపుకే ముందుకి వంగాలి, పిక్క ముందెముక బూటు నాలికకి ఆనాలి. ఇది చెప్తే అర్థమవుతుంది గానీ ఒళ్లు ఒప్పుకోవడానికి నాకు గంటన్నర పట్టింది. తనకి నాకంటే ముందే వచ్చింది, చేతులు చాపుకుని నెమ్మదిగా కిందకి జారిపోతూ నా పేరు పెట్టి అరిచిన అరుపు ఇప్పటికీ వినిపిస్తుంది. నేను మొదటిసారి పడకుండా కింద దాకా వచ్చినప్పుడు స్కీల కింద మంచు సుయ్యిమని ఒకటే చప్పుడు, ఇంకేం వినపళ్లేదు, కళ్లెంట నీళ్లొచ్చేశాయి.

పదకొండున్నరకి కహ్వా, అంటే కశ్మీరీ టీ, తాగుతూ మధ్యాహ్నం ప్లాను చెప్పాం ఆ అబ్బాయికి. గ్లాసు కింద పెట్టేశాడు. ఎవరు తీసుకెళ్తానన్నారు, ఎటువైపు అని అడిగాడు. మా ఫ్రెండ్ ఫోన్‌లో వార్త తీసి, మాకు తెలుసులే, ఇదిగో హిమపాతం అని ఇచ్చారు, జాగ్రత్తగానే ఉంటాం అంది. ఆ మాట విని అతనన్నాడు, "హిమ్‌పాత్ తో రాత్ కో హో గయా దీదీ, యే ఎవలాంచ్ వార్నింగ్ హై." మంచు కురవడం రాత్రే అయిపోయింది అక్కా, ఇది కొండ మీది మంచు ఊడిపడుతుందని హెచ్చరిక, అని. తన ఫోన్‌లో వచ్చిన మెసేజి చూపించాడు, ఇంగ్లీషులో స్పష్టంగా ఎవలాంచ్ అనే ఉంది. అదే హెచ్చరిక, తెలుగులోకి వచ్చేసరికి హిమపాతం అయ్యింది, మేం మంచు వాన అనుకుని సంతోషించాం.

అంతటితో ఊరుకోలేదు అతను. వాలు పక్కనున్న గట్టు దగ్గరికి తీసుకెళ్లి పారతో మంచుని నిలువుగా గోడలా కోశాడు, మోకాలి లోతుకి. ఇంత దగ్గర్నుంచి మంచుని నేనెప్పుడూ చూడలేదు. పైన జానెడు రాత్రి కురిసింది, జల్లెడ పట్టిన బియ్యప్పిండిలా తెల్లగా, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంది. దాని కింద గాజు పెంకులాంటి పలచని పొర, ఎండకి కరిగి మళ్లీ గడ్డకట్టింది. దానికీ కింద, నేల దగ్గర, బొంబాయి రవ్వలాంటి పలుకులు. పిడికిట్లో పట్టి ఎంత నొక్కినా ముద్ద కాలేదు, వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. చాన్నాళ్లు కొత్త మంచు పడకుండా చలి మాత్రం గట్టిగా ఉంటే అడుగు మంచు ఇలా రవ్వైపోతుందట. ఆ రవ్వ మీద కొత్త మంచు పలకలా కూర్చుంటుంది, దానికి కింద పట్టు లేదు, 30 డిగ్రీలు దాటిన వాలు మీద ఒక మనిషి బరువు చాలు, పలక మొత్తం ఒక్కసారే ఊడిపోతుంది. పార వెనక నుంచి చిన్నగా తడితే ఆ పై జానెడూ పెనం మీంచి అట్టు జారినట్టు జారి మా బూట్ల మీద పడింది. మా ఇద్దరికీ నోట మాట రాలేదు.

కప్పేసిన మనిషిని బతికించడానికి మొదటి పావుగంటే ముఖ్యం, ఆ తర్వాత ఊపిరాడక చాలామంది పోతారు, అందుకే పైకి వెళ్లే స్కీయర్లు ఒంటికి సిగ్నల్ ఇచ్చే బీకన్ కట్టుకుని, పార, మంచులో గుచ్చి వెతికే పొడవాటి ఊచ తీసుకెళ్తారని చెప్పాడు. మా దగ్గర ఉన్నవి ఫోన్లూ శాలువాలూ. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు ఇలాగే పోయారు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ పోయారు, 2010లో ఖిలన్‌మార్గ్ దగ్గర ట్రైనింగులో ఉన్న మన సైనికులే పదిహేను మందికి పైగా చనిపోయారు. వాళ్లంతా మంచు తెలిసినవాళ్లు. మేం ఏమీ తెలియని వాళ్లం, అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం. ఆ ఐదొందలు వదిలేసుకుని సాయంత్రం దాకా ఆ చిన్న వాలు మీదే జారుకున్నాం.

ఇంకోటి చెప్పాలి. మర్నాడు మామూలుగా మంచు కురిసింది, ఏ ప్రమాదమూ లేదు, టీవీ స్క్రోలింగ్‌లో గుల్మార్గ్‌లో భారీ హిమపాతం అని వచ్చింది. మా అమ్మకి 71 ఏళ్లు. అంతకు కొన్నాళ్ల ముందు హిమపాతంలో చిక్కుకుని మృతి అనే వార్త అదే టీవీలో చూసుంది, మరి ఆవిడ ఏమనుకుంటుంది? మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచెయ్యవు, నా ఫోన్ కలవదు, మా ఫ్రెండ్ పోస్ట్‌పెయిడ్ నంబరు అమ్మ దగ్గర లేదు. మూడు గంటలు పూజ గదిలోనే కూర్చుందట, పక్కింటావిడ మా ఫ్రెండ్ వాళ్లాయన నంబరు సంపాదించి చేస్తేగానీ మంచినీళ్లు ముట్టలేదు. భయపడాల్సిన వాళ్లం భయపడలేదు, భయపడక్కర్లేని ఆవిడ పస్తులుంది.

మంచుతో మనకి పెద్దగా పని లేదు కాబట్టి మాటలు తక్కువున్నాయి, అది నాకూ అర్థమవుతుంది. మా కాకినాడ వాళ్లకి మంచంటే ధనుర్మాసంలో పొద్దున్నే ముగ్గేసేటప్పుడు కమ్మే పొగమంచు, గడ్డంటే చేపల రేవులో దిమ్మలు కొట్టి బుట్టల్లో పోసే ఐసు. లంబసింగిని ఆంధ్రా కశ్మీర్ అని రాస్తే అక్కడ మంచు కురుస్తుందనుకుని పిల్లల్ని తీసుకెళ్లి పొగమంచు చూసి తిరిగొచ్చిన వాళ్లు మా బ్యాంకులోనే ఇద్దరున్నారు. కానీ నీళ్ల దగ్గరికొచ్చేసరికి మన మాటలు చూడండి, వాన, ముసురు, వరద, తుఫాను, ఉప్పెన, ఏది ఏదో మా అమ్మమ్మకి బళ్లోకి వెళ్లకుండానే తెలుసు. 1977లో దివిసీమలో వేలమంది పోయింది ఉప్పెనలో. 1996 నవంబరు తుఫాను మా వైపు కొట్టినప్పుడు నేను స్కూల్లో చదువుతున్నాను, ఇంటి పైకప్పు రేకులు లేచిపోతుంటే అమ్మమ్మ ఒకటే అడిగింది, గాలేనా, ఉప్పెన కూడానా అని. గాలైతే గోడ వార కూర్చోవాలి, ఉప్పెనైతే ఇల్లొదిలి మెరక్కి పోవాలి. ఆ రెంటికీ ఒకటే మాట ఉండుంటే ఆవిడ ఏం అడిగేదండీ?

హిందీ వాళ్లు కురిసేదాన్ని హిమ్‌పాత్ అనీ, కొండ మీంచి ఊడిపడేదాన్ని హిమ్‌స్ఖలన్ అనీ వేరువేరుగానే రాస్తున్నారు. మనకి కొత్త మాట కనిపెట్టాల్సిన పని కూడా లేదు. కొండచరియలు విరిగిపడ్డాయి అంటే తిరుమల ఘాట్ రోడ్డు తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది, అలాగే మంచు చరియలు విరిగిపడే ప్రమాదం అని రాయండి, మీ పేపర్లోనే ఒకట్రెండు సార్లు అలా రాశారు, నేను చూశాను, ఆ రాసినవారికి నా నమస్కారాలు. నాకైతే మంచు ఉప్పెన అన్నా బాగుంటుంది, కోస్తా వాళ్లకి ఆ మాటతో గుండె గుభేలుమంటుంది, గుభేలుమనాలి కూడా. కురిసేదానికి మంచు కురిసింది అంటే చాలదా, హిమపాతం ఎందుకు? ఉంచాలనుకుంటే దానికొక్కదానికే ఉంచండి, రెండోదానికి మాత్రం వద్దు.

సంక్రాంతి సెలవులకి హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి ఎన్ని కుటుంబాలు మనాలి, గుల్మార్గ్, ఔలీ వెళ్తున్నాయో మీకు తెలియంది కాదు, టూరు ప్యాకేజీల యాడ్లు మీ పేపర్లోనే పడుతున్నాయి. ఆ సీజన్లో హెచ్చరిక వచ్చిన రోజున వార్త కింద రెండు లైన్లు అదనంగా వెయ్యండి, ఇది మంచు కురవడం గురించి కాదు, వాలు కింద నడవొద్దు, గొండోలా దిగాక తాడు కట్టిన హద్దు దాటొద్దు, పైన స్కీ పెట్రోల్, అంటే కొండ మీద కాపలా తిరిగే వాళ్లని అడక్కుండా కదలొద్దు అని. దుప్పట్లోంచి ఫోన్‌లో చదివేవాళ్లకి ఆ రెండు లైన్లు చాలు.

మేం మళ్లీ వచ్చే ఫిబ్రవరికి వెళ్తున్నాం, ఈసారి ఒక్క రోజు కాదు, ఆ అబ్బాయి దగ్గరే వారం రోజులు. అమ్మకి ఇప్పట్నుంచే మా ఫ్రెండ్ నంబరు గోడ మీద క్యాలెండర్ వెనక రాసి పెట్టాను. మొన్న మీ పేపర్లో హిమాచల్ వార్త చదువుతూ కళ్లజోడు పైకి తోసుకుని నన్నడిగింది, "ఇది ఏ హిమపాతమే?" అని. నేను వార్త మొత్తం చదివి చూశాను, నాకూ తెలియలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కాకినాడ