నిమ్మతోట దగ్గరే ఆగిపోయిన కథ

కోపెన్‌హాగెన్
డిసెంబర్

పిన్నీ,

బాబాయి మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర దాటితే చీకటే. మేమిద్దరం కులాసా.

నేను రాస్తున్న కథ మొదటి భాగం చదివి ఫోన్లో అడిగావు కదా, "ఇన్ని పేజీలైనా ఆ పిల్లలిద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదేమే?" అని. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

డెన్మార్క్ రచయిత అండర్సన్ రాసిన సాగరకన్య కథ నీకు తెలిసిందే. 1837లో ఈ ఊళ్లోనే అచ్చయింది. తుఫానులో రాకుమారుణ్ణి కాపాడడం, మంత్రగత్తెకి నాలుక ఇచ్చి కాళ్లు తెచ్చుకోవడం, అడుగు తీసి అడుగు వేస్తే కత్తుల మీద నడిచినంత నొప్పి, చివరికి అతను ఇంకొకరిని చేసుకోవడం. పిల్లల పుస్తకాల్లో ఉండేది ఇంతే. పూర్తి కథలో ఆ ఇంకొకరు ముందే వస్తుంది. సముద్రం ఒడ్డున తెల్లటి మఠంలాంటి భవనం, తోటలో నిమ్మ, నారింజ చెట్లు. గంటలు మోగగానే ఆడపిల్లలు తోటలోకి వస్తారు. సాగరకన్య బండల చాటుకు వెళ్లి, జుట్టు మీదా ఎద మీదా నురుగు కప్పుకుని, ఎవరొస్తారా అని చూస్తుంది. ఒకమ్మాయి వస్తుంది. ఒడ్డున పడి ఉన్న రాకుమారుణ్ణి చూసి కాసేపు బెదిరిపోయి, తర్వాత జనాన్ని పిలుచుకొస్తుంది. తనను కాపాడింది ఆమేనని అతను నమ్ముతాడు. చివర్లో చేసుకునేదీ ఆమెనే.

ఆ తర్వాత సాగరకన్య ఆ ఒడ్డుకు మళ్లీ మళ్లీ వచ్చిందని అండర్సన్ రాశాడు. తోటలో పళ్లు పండడం చూసింది, వాటిని కోసేయడం చూసింది, కొండల మీద మంచు కరగడం చూసింది. రాకుమారుడు మాత్రం కనబడలేదు. అన్ని నెలలనూ ఆయన ఒక్క వాక్యంలో దాటేశాడు. నేను అక్కడే ఆగిపోయాను. రాకుమారుడు కనబడలేదు సరే, ఆ పళ్లు కోస్తున్నది ఎవరు?

నా కథంతా ఆ నెలలే. సాగరకన్యకు ముందు తెలిసింది ఆ అమ్మాయి చేతులు. నిమ్మముళ్లు గీరుకున్న గీతలు, పాతవి మానకముందే కొత్తవి. బుట్ట ఎత్తేముందు ఆమె ఒకసారి సముద్రంకేసి చూస్తుంది. ఆ చూపు కోసం ఇవతల నీళ్లలో ఒకరు పొద్దుటినుంచీ కాచుకుని ఉంటారు. ఆ అమ్మాయికీ అనుమానం వస్తుంది. గాలి లేని రోజున కూడా ఆ ఒక్క బండ చాటునే నురుగు ఎందుకు నిలుస్తోంది? ఒకరోజు బండ మీద ఒక నిమ్మకాయ పెట్టి వెళ్లి చెట్టు వెనక నిలబడుతుంది. సాగరకన్య దాన్ని తొక్కతో సహా కొరుకుతుంది. ముందు చేదు, తర్వాత పులుపు, కళ్లు గట్టిగా మూసేసుకుంటుంది. చెట్టు వెనకనుంచి నవ్వు వినిపిస్తుంది. మొదటి భాగం అక్కడితో అయింది.

ఇది తొందరగా చెప్పే కథ కాదు పిన్నీ. రాకుమారుడికీ రాకుమార్తెకీ దారి వేసే ఉంటుంది. స్వయంవరమో తుఫానో వస్తుంది, వెనకే బాజాలు. ఇద్దరు ఆడపిల్లలకి తమ మధ్య ఉన్నది ఏమిటో తేలడానికే కాలం పడుతుంది. ఇక్కడ నాతో ఉండే ఆమె ఈ ఊళ్లో కొట్లన్నీ తిరిగి నాకోసం ఎండుమిరపకాయలు తెచ్చిన చలికాలమంతా అది స్నేహమనే అనుకున్నాం మేము.

అండర్సన్ గురించి కూడా చెప్పాలి. ఆయన ఎడ్వర్డ్ కొలిన్ అనే స్నేహితుణ్ణి ఎంతో ప్రేమించాడు. ఆ ప్రేమకు ఎడ్వర్డ్ దగ్గరనుంచి బదులు రాలేదు. 1836లో ఎడ్వర్డ్ పెళ్లయింది, ఆ మరుసటేడే ఈ కథ వచ్చింది. రెంటినీ కలిపి చదివే పండితులు చాలామంది ఉన్నారు. అది తెలిశాక సాగరకన్య నాలుక కోయించడానికి నాకు చేతులు రాలేదు. నా కథలో వాళ్లు మాట్లాడుకోనిది ఎవరో నోరు మూయించినందుకు కాదు, ఇంకా చూసుకోవడం తనివి తీరనందుకు.

ఇంకో సంగతి. ఆయన కథ చివర్లో సాగరకన్య గాలిలో కలిసిపోయాక, ఎవరికీ కనబడకుండా పెళ్లికూతురి నుదుటి మీద ముద్దు పెడుతుంది. రాకుమారుడికి దక్కింది చిరునవ్వు. అది నేను కల్పించింది కాదు, ఆయన రాసిందే.

ఈ దేశంలోనూ అన్నీ ఒక్కరోజులో రాలేదు. మాలాంటి జంటల్ని రిజిస్టరు చేసే చట్టం 1989లోనే, ప్రపంచంలో అందరికంటే ముందు వచ్చింది. పెళ్లి అనడానికి 2012 దాకా పట్టింది. మనదగ్గర 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు మమ్మల్ని నేరస్థుల జాబితాలోంచి తీసేసింది కానీ, 2023 అక్టోబర్ 17న పెళ్లి హక్కుకు ఒప్పుకోలేదు. ఆ రాత్రి నువ్వు ఫోన్ చేసి నాతో కాకుండా ముందు ఆమెతో మాట్లాడావు. నీ ఇంగ్లీషూ ఆమె తెలుగూ కలిసి ఎంతసేపు సాగాయో. ఆమె ఇంకా ఆ ఫోను గురించి చెబుతుంది.

రాకుమారుడు ఏమయ్యాడని అడిగావు. అతనికి నా కథలో ఏ కీడూ జరగదు. బతికి, ఊరెళ్లి, నచ్చినవాళ్లని చేసుకుంటాడు. రెండో భాగంలో ఈ పిల్లలు మాట్లాడుకుంటారు, చలికాలం వెళ్లనీ.

నీతో ఒక పని ఉంది. గూడూరు నిమ్మతోటల్లో కోతకు వెళ్లే ఆడవాళ్లని అడిగి చెప్పు: ఏ పొద్దున కోస్తారు, ముళ్లు గుచ్చుకోకుండా చేతికి ఏమైనా చుట్టుకుంటారా, అందని కొమ్మకి ఏం చేస్తారు, ఇంటికొచ్చాక చేతుల వాసన ఎన్నాళ్లకు పోతుంది. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి పంపు.

నీ పెద్దమ్మాయి