రదుచోయు గురించి ఒక్క ముక్కలో తేల్చేయడం అన్యాయం

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ స్పోర్ట్స్ పేజీలో యూరప్‌లోని ఐదు పెద్ద లీగుల్లోనూ ఆడిన ప్లేయర్ల గురించి ఓ చిన్న బాక్స్ వేశారు, అందులో మొదటి పేరు రొమేనియా స్ట్రైకర్ ఫ్లోరిన్ రదుచోయుది, ఇటలీ స్పెయిన్ ఇంగ్లండ్ జర్మనీ ఫ్రాన్స్ ఇలా ఐదింట్లోనూ ఆడిన మొదటివాడు ఆయనే కాబట్టి అంతవరకు బాగానే ఉంది. కానీ దాని కిందే ‘ఎక్కడా కుదురుకోలేకపోయాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ఆయన ఏ క్లబ్‌లో ఎన్నాళ్లున్నాడో లెక్క కట్టారు గానీ ఎందుకు బయటికి రావాల్సొచ్చిందో, దేశానికి ఆడినప్పుడు ఏం చేశాడో ఒక్క మాట కూడా రాయలేదు.

రదుచోయు 1970లో బుకారెస్ట్‌లో పుట్టాడు, చిన్న వయసులోనే డినమో బుకారెస్ట్ టీంలోకి వచ్చేశాడు, మిర్చా లూచెస్కు కోచ్‌గా ఉన్న ఆ టీం 1989-90 సీజన్‌లో లీగ్ గెలిచింది, యూరప్ క్లబ్‌ల టోర్నీ కప్ విన్నర్స్ కప్‌లో సెమీస్ దాకా వెళ్లింది. అదే సీజన్ మధ్యలో, 1989 డిసెంబర్‌లో రొమేనియా కమ్యూనిస్టు నియంత చౌషెస్కు ప్రభుత్వం కూలిపోయింది. అంతకుముందు రొమేనియా ప్లేయర్లకి బయటి దేశపు క్లబ్‌లో ఆడటమనేది దాదాపు అందని విషయం. తలుపులు తెరుచుకోగానే, 1990 వరల్డ్ కప్ అయిన వెంటనే హాజీ రియల్ మాడ్రిడ్‌కి, లకతూష్ ఫియొరెంతీనాకి, పొపెస్కు పీఎస్వీకి వెళ్లిపోయారు, ఇరవై ఏళ్ల రదుచోయు ఇటలీ క్లబ్ బారీకి వెళ్లాడు. బయటి ఫుట్‌బాల్ ఎలా ఉంటుందో చెప్పి దారి చూపించే సీనియర్లు వీళ్లకి పెద్దగా లేరు, వీళ్లే మొదటి బ్యాచ్ అన్నమాట.

పైగా వెళ్లింది ఎక్కడికి, ఇటలీ టాప్ లీగ్ సీరీ ఆకి, అదీ ఆ రోజుల్లో! ప్రపంచంలో గోల్ కొట్టడం అంతకంటే కష్టమైన లీగ్ ఇంకోటి లేదనుకునే కాలం అది. బారీలో 5 గోల్స్, తర్వాత వెరోనాలో 2 గోల్స్, ఆ వెరోనా కింది డివిజన్‌కి పడిపోయింది, ఇవి తక్కువే, కాదనను. కానీ ఆ తర్వాత బ్రెషాలో లూచెస్కు దగ్గరికే మళ్లీ వెళ్లాడు, పక్కన తన దేశం వాళ్లే హాజీ, సబౌ ఉన్నారు, అంటే తన ఆట తెలిసిన కోచ్, తను ఎటు పరిగెడతాడో తెలిసి పాస్ ఇచ్చేవాళ్లు దొరికారు. 1992-93లో అదే మనిషి సీరీ ఆలో 13 గోల్స్ కొట్టాడు, అదీ చివరికి కింది డివిజన్‌కి పడిపోయిన టీంకి ఆడుతూ. మీ బాక్స్‌లో బ్రెషా పేరుంది, ఈ 13 మాత్రం లేదు.

ఆ సీజన్ చూసే మిలాన్ తీసుకుంది. అక్కడ 7 లీగ్ మ్యాచ్‌లు, 2 గోల్స్, దీన్నే అందరూ ఫెయిల్యూర్ అంటారు. అప్పటి రూల్ ఏంటో తెలిస్తే ఆ మాట అంత తేలిగ్గా రాదు సార్. లీగ్ మ్యాచ్‌కి ముగ్గురు విదేశీ ప్లేయర్లనే తీసుకోవాలి, మిలాన్‌లోనేమో సవిచెవిచ్, బోబన్, పాపాన్, లాడ్రప్, సీజన్ మధ్యలో వచ్చిన దెసాయి, గాయంతో పక్కనున్న వాన్ బాస్టెన్, వీళ్లందరితో పాటు రదుచోయు. యూరప్‌లో ఏడాది మేటి ప్లేయర్‌కిచ్చే బాలన్ డీ ఓర్ గెలిచిన పాపానే కొన్ని వారాలు స్టాండ్స్‌లో కూర్చోవాల్సొచ్చింది, ఇంక ఇరవై మూడేళ్ల కుర్రాడి సంగతి చెప్పేదేముంది. కోచ్ కపెల్లో టీం ఆ ఏడాది లీగ్, చాంపియన్స్ లీగ్ రెండూ గెలిచింది కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేం, కానీ రదుచోయుని మాత్రం ఎలా తప్పుపడతాం? యూరోపియన్ యూనియన్ ప్లేయర్లకి ఆ పరిమితి పోయింది 1995 డిసెంబర్‌లో యూరప్ కోర్టు ఇచ్చిన బోస్మన్ తీర్పుతో, అప్పటికి రొమేనియా యూనియన్‌లో లేదు కూడా.

ఇప్పుడు అదే 1993-94లో రొమేనియా చొక్కా వేసుకుని ఏం చేశాడో చూడండి. సెప్టెంబర్‌లో ఫారో ఐలాండ్స్ మీద 4-0, నాలుగూ ఆయనవే. నవంబర్‌లో కార్డిఫ్‌లో వేల్స్‌తో మ్యాచ్, గెలిస్తేనే వేల్స్ వరల్డ్ కప్‌కి వెళ్తుంది, స్కోర్ 1-1 ఉండగా వాళ్లకి పెనాల్టీ వచ్చింది, పాల్ బోడిన్ కొట్టింది క్రాస్‌బార్‌కి తగిలి బయటికొచ్చింది, 82వ నిమిషంలో రదుచోయు గోల్ కొట్టి ఆ కథ ముగించాడు. వరల్డ్ కప్‌లో మొదటి మ్యాచ్ కొలంబియాతో, పెలే అంతటివాడు ఫేవరెట్లని చెప్పిన టీం అది, దాని మీద 3-1, రెండు గోల్స్ ఈయనవే.

అన్నిటికంటే స్వీడన్‌తో క్వార్టర్ ఫైనల్ గురించి చెప్పాలి. 1994 జులై 10, స్టాన్‌ఫర్డ్ స్టేడియం. 78వ నిమిషంలో బ్రోలిన్ గోల్‌తో స్వీడన్ ముందుకెళ్లింది, టైమ్ అయిపోవస్తోంది, 88వ నిమిషంలో హాజీ కొట్టిన ఫ్రీకిక్ స్వీడన్ వాళ్లకి తగిలి దారి మళ్లింది, అది పడే చోట రదుచోయు ఉన్నాడు, ఆలోచించే టైమ్ కూడా లేదు, కొట్టేశాడు! ఎక్స్‌ట్రా టైమ్‌లో 101వ నిమిషంలో స్వీడన్ డిఫెన్స్ తడబడితే మళ్లీ ఆయనే, 2-1. సెమీఫైనల్‌కి ఇంకో ఐదు నిమిషాలుందనగా కెన్నెత్ ఆండర్సన్ హెడర్ కొట్టి సమం చేశాడు, పెనాల్టీల్లో పెట్రెస్కు, బెలోదెదిచ్ కొట్టినవి గోలీ రవెల్లి ఆపేశాడు, రొమేనియా ఇంటికెళ్లిపోయింది. షూటౌట్‌లోనూ రదుచోయు తన వంతు గోల్ కొట్టాడు. ఆ రోజు ఆయన చేయాల్సింది ఇంకేం మిగిలింది చెప్పండి?

ప్రీక్వార్టర్స్‌లో అర్జెంటీనాని 3-2తో ఓడించిన మ్యాచ్‌లో ఆయన సస్పెన్షన్ వల్ల లేడు, కోచ్ యోర్దనెస్కు ఇలియే దుమిత్రెస్కుని ముందుకి పెట్టి ఆడించి గెలిచాడు, ఆ క్రెడిట్ వాళ్లది. రదుచోయు లేకపోతే టీమే లేదని నేననడం లేదు. ఆ టోర్నీలో 4 గోల్స్ కొట్టిన స్ట్రైకర్‌ని అదే ఏడాది మిలాన్ 7 మ్యాచ్‌లతో మాత్రమే కొలవొద్దంటున్నాను.

తర్వాత స్పెయిన్‌లో ఎస్పాన్యోల్, 1996లో ఇంగ్లండ్‌లో వెస్ట్ హామ్, మళ్లీ ఎస్పాన్యోల్, జర్మనీలో స్టుట్‌గార్ట్, ఆ తర్వాత కొన్నాళ్లకి ఫ్రాన్స్ లీగ్‌లో మొనాకో. వెస్ట్ హామ్‌లో 11 లీగ్ మ్యాచ్‌లే ఆడాడు, కానీ మాంచెస్టర్ యునైటెడ్ 2-0తో ముందున్నప్పుడు వాళ్ల గోలీ ష్మైకేల్ మీద గోల్ కొట్టి మ్యాచ్‌ని మళ్లీ లేపింది ఆయనే, అది 2-2 అయింది. ఈ దశలో కెరీర్ కిందికి జారిందనేది నిజం, అందులో వాదన లేదు.

మొత్తమ్మీద దేశానికి 40 మ్యాచ్‌లు, 21 గోల్స్. అంటే దాదాపు రెండు మ్యాచ్‌లకి ఒకటి. చోటు తక్కువని తెలుసు, పెద్ద ఆర్టికల్ వేయమని అడగను, ఆ బాక్స్ మళ్లీ ఎప్పుడైనా వేస్తే ‘కుదురుకోలేకపోయాడు’ తీసేసి ఆ చోట్లో ఈ రెండు అంకెలు వేయండి, సరిగ్గా పడతాయి.

ఇట్లు,
మీ పాఠకుడు