పనిగంటల చర్చ జీవనశైలి పేజీలో ఎందుకు?

సంపాదకుల వారికి,

నమస్కారం. పని ఒత్తిడి గురించి మీ పత్రికతో సహా అన్ని పత్రికల్లోనూ వస్తున్న వ్యాసాలు ఎక్కువగా జీవనశైలి పేజీల్లోనే కనిపిస్తున్నాయి. తెల్లవారుజామునే లేవండి, చేయాల్సిన పనులను ముందురోజే రాసిపెట్టుకోండి, కాసేపు ధ్యానం చేయండి అని అవి చెబుతుంటాయి. ఆ సలహాలు ఇచ్చేవారి సదుద్దేశాన్ని నేను శంకించను. అయితే షిఫ్టు ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ముగియాలో, ఇంటికి చేరాక ఎన్నిసార్లు ఫోన్ మోగాలో నిర్ణయించే అధికారం ఏమాత్రం లేని మనిషికి సమయపాలన పాఠాలు చెబితే, ఆ మనిషి అలసటకు ఆ మనిషినే బాధ్యుణ్ని చేసినట్టవుతుంది. పనిగంటల మీద చర్చ జరగాల్సిన చోటు వేరే ఉందన్నది నా అభిప్రాయం.

ఉద్యోగి సమయం మీద యాజమాన్యానికి ఎంత హక్కు ఉండాలన్న తగాదా పెట్టుబడిదారీ వ్యవస్థ అంత పాతది. బ్రిటన్‌లో 1847 నాటి పది గంటల చట్టం మిల్లుల్లో పనిచేసే స్త్రీలకు, పిల్లలకు పనివేళలను పరిమితం చేసింది. చట్టం వచ్చాక ఏం జరిగిందో అక్కడి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ లెనార్డ్ హార్నర్ 1859లో లెక్కగట్టి చూపించాడు. పొద్దున్న ఆరు గంటలకు పావుగంట ముందే యంత్రాలు తిరగడం మొదలయ్యేవి, సాయంత్రం ఆరు దాటాక ఇంకో పావుగంట తిరిగేవి, భోజన విరామాల్లో అటు కొన్ని నిమిషాలు, ఇటు కొన్ని నిమిషాలు తగ్గిపోయేవి. విడిగా చూస్తే ఫిర్యాదు చేయడానికి కూడా మొహమాటపడేంత చిన్న మొత్తాలవి. కానీ వారం తిరిగేసరికి అవి 5 గంటల 40 నిమిషాలయ్యేవి, ఏడాదికి 27 పనిదినాలయ్యేవి. ఆ 27 రోజుల శ్రమకు కూలీ ఉండేది కాదు, దాని ఫలితం మాత్రం నేరుగా మిల్లు యజమాని లాభంలో కలిసేది.

ఈ లెక్కను ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు పై అధికారి నుంచి వచ్చే సందేశానికి జవాబివ్వడం, సెలవు రోజున 'ఒక్క ఐదు నిమిషాలు' అంటూ మొదలయ్యే ఫోన్ కాల్, లాగిన్ కాకముందే కంప్యూటర్ సిద్ధం చేసుకోవడానికి పట్టే సమయం, ఇవన్నీ ఆ పావుగంటల వారసులే. ఆనాడు కనీసం మిల్లు గేటు దాటితే పని ఆగేది. ఫోన్ వచ్చాక ఆ గేటు కూడా లేకుండా పోయింది. పనివేళల తరువాత ఉద్యోగి అందుబాటులో ఉండనవసరం లేని హక్కును ఫ్రాన్స్ 2017 నుంచి చట్టంలో చేర్చిందంటే, ఇది మనోనిబ్బరంతో తీరే సమస్య కాదని ఆ దేశ శాసనకర్తలు గుర్తించారనే అర్థం.

యాప్‌ల ద్వారా పనిచేసేవారి పరిస్థితి మరీ కఠినం. యాప్‌లో లాగిన్ అయి, బండి పక్కన నిలబడి, తెర వంక చూస్తూ ఆర్డర్ కోసం ఎదురుచూసే మనిషి పనిలో ఉన్నట్టా, లేనట్టా? ఆ ఎదురుచూపు లేకపోతే వినియోగదారుడికి నిమిషాల్లో సేవ అందదు, అయినా చాలా సంస్థలు ఆర్డర్‌కు మాత్రమే డబ్బు లెక్కగట్టి, నిరీక్షణ ఖర్చును పనిచేసేవాళ్ల మీదికే నెట్టేస్తున్నాయి. ఊబర్ డ్రైవర్ల కేసులో 2021 ఫిబ్రవరిలో తీర్పునిచ్చిన బ్రిటన్ సుప్రీంకోర్టు, డ్రైవర్ తన అనుమతి ఉన్న ప్రాంతంలో యాప్ తెరిచి, ప్రయాణాలు అంగీకరించడానికి సిద్ధంగా ఉన్న సమయమంతా పనిసమయమేనని తేల్చింది. 'మీకు మీరే యజమానులు' అన్న ప్రచారం వెనుక ఉన్నది ఎవరి శ్రమో ఆ తీర్పు స్పష్టం చేసింది.

ఇంటిపని సంగతి చెప్పకుండా ఈ విషయం ముగించలేను. మర్నాడు మనిషి మళ్లీ పనికి వెళ్లాలంటే ఎవరో ఒకరు వండాలి, ఉతకాలి, పిల్లలను, ముసలివాళ్లను చూసుకోవాలి. ఆ శ్రమ మీదే ప్రతి కార్యాలయం, ప్రతి కర్మాగారం నడుస్తున్నా, ఎవరి జీతాల పట్టికలోనూ అది కనిపించదు. 1975 అక్టోబర్ 24న ఐస్‌లాండ్ స్త్రీలలో దాదాపు 90 శాతం మంది ఇంటిపనీ బయటిపనీ మానేస్తే, పిల్లలను వెంటబెట్టుకుని తండ్రులు ఆఫీసులకు వెళ్లాల్సి వచ్చింది. ఎనిమిది గంటల పనిదినం కూడా చాలామంది స్త్రీలకు కాగితం మీది మాటే.

ఎక్కువ గంటలు పనిచేయడం ఉద్యోగి ఇష్టమే కదా అనేవారున్నారు. ఎనిమిది గంటల జీతంతో ఇల్లు గడవనప్పుడు ఓవర్‌టైం ఒప్పుకోవడాన్ని ఇష్టం అనలేం. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేయడం వల్ల 2016 ఒక్క సంవత్సరంలోనే పక్షవాతం, గుండెజబ్బులతో సుమారు 7 లక్షల 45 వేల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి అంచనా వేశాయి. ఇక ఉత్పాదకత పెరిగితే పనిగంటలు వాటంతటవే తగ్గుతాయనే వాదన. నూరేళ్లలో వారానికి 15 గంటల పని సరిపోతుందని 1930లో ఆర్థికవేత్త కీన్స్ అన్నారు. ఆ గడువు దాదాపు తీరిపోయింది, యంత్రాలు ఆయన ఊహించిన దానికన్నా మెరుగయ్యాయి, అయినా వాటి వల్ల మిగిలిన సమయం పనివాళ్లకు విశ్రాంతిగా రాలేదు. యంత్రం ఎవరి సొత్తో, అది ఆదా చేసిన గంట కూడా వారి సొత్తే అవుతోంది. ఎక్కడైనా గంటలు తగ్గాయంటే అది సంఘటితంగా అడిగినందువల్లే. 1886 మే నెలలో చికాగోలో ఎనిమిది గంటల కోసం సమ్మె చేసిన కార్మికుల ఉద్యమంలో నలుగురిని మరుసటి ఏడాది ఉరితీశారు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న పరిమితి అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి ఒప్పందంగా రావడానికి 1919 దాకా పట్టింది.

కాబట్టి మీకు నా విన్నపం ఇది. పనిగంటల పెంపు మీద వార్త వేసినప్పుడు పారిశ్రామికవేత్త మాటతో పాటు ఆ షిఫ్టులో పనిచేసే మనిషి మాటకూ అంతే చోటివ్వండి. ఓవర్‌టైంకు చెల్లింపు జరుగుతోందా, నిరీక్షణ సమయాన్ని లెక్కిస్తున్నారా, కార్మిక శాఖ తనిఖీలు అసలు జరుగుతున్నాయా అని మీ విలేకరులతో అడిగించండి. ఒత్తిడి మీద వైద్యుల సలహాలు వేసే రోజునే, దాని పక్కనే, ఒక కార్మిక సంఘం ప్రతినిధి అభిప్రాయం కూడా ప్రచురించండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు